తొంభై ఆరు ఆర్లు, తొమ్మిది తల్లి చెట్లు

2023 ఫిబ్రవరి. రాజమహేంద్రవరానికి దిగువన, నర్సరీలకు పేరుపడిన ఊళ్లలో ఒకదానిలో భూముల రీసర్వే చివరి దశకు చేరింది. నేను ఆ మండలంలో సర్వేయరును. చదివింది భౌతికశాస్త్రం. ప్రయోగశాలలో నేర్చుకున్న ఒక అలవాటు మాత్రం ఈ ఉద్యోగంలోకి నాతోపాటు వచ్చింది: ఎవరు ఏమి చెప్పినా, కొలిచి చూసిన తరువాతే నమ్మడం. పొలం గట్టు మీద నిలబడి “మా తాతల నాటినుంచి హద్దు ఇదేనండి” అన్న మాట కొన్ని వందల సార్లు విని ఉంటాను. అది నిజమైన సందర్భాలున్నాయి, కానివీ ఉన్నాయి. ఏది ఏదో చెప్పేది కొలత గొలుసూ గణితమే తప్ప గొంతులోని ఆవేదన కాదని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. అయితే దానికి ఒక సవరణ చేర్చుకోవలసి వచ్చింది. ఆ సవరణ నాకు నేర్పింది మొక్కలు పెంచి అమ్ముకునే ఒక రైతు.

ముందుగా మా పనిలోని కొలతల గురించి నాలుగు మాటలు చెప్పాలి. డెల్టాలో రైతు భూమిని ఎకరాల్లో, సెంట్లలో తలుస్తాడు. నూరు సెంట్లు ఎకరం. రికార్డులో మాత్రం మెట్రిక్ కొలత ఉంటుంది. పది మీటర్ల భుజమున్న చతురస్రం ఒక ఆర్, అంటే నూరు చదరపు మీటర్లు. నూరు ఆర్లు ఒక హెక్టారు. పొడవులో పది రెట్లకు ఒక మెట్టయితే, వైశాల్యంలో నూరు రెట్లకు ఒక మెట్టు. కొత్తగా చేరినవాళ్లు తడబడేది ఇక్కడే. ఈ మెట్ల మీద ఎక్కడం దిగడం నాకు నిద్రలో కూడా తప్పదు. హెక్టారు నుంచి ఆర్‌కు, ఆర్ నుంచి చదరపు మీటరుకు దిగేటప్పుడు తప్పు చేసిన ఫైలు నా చేతి మీదుగా ఒక్కటీ పోలేదు. అది నా చిన్న గర్వం.

ఆ ఊళ్లో సత్యవతి గారికి మూడు పొలం చెక్కలున్నాయి. యాభై అయిదేళ్ల మనిషి. ముప్ఫై ఏళ్లుగా నర్సరీ నడుపుతున్నారు. మూడింటిలో పెద్దది ఊరి మురుగు కాలువను ఆనుకొని ఉంది. రికార్డులో దాని విస్తీర్ణం తొంభై ఆరు ఆర్లు, అంటే 9,600 చదరపు మీటర్లు. దాదాపు దీర్ఘచతురస్రం, కాలువ వెంబడి 75 మీటర్ల వెడల్పు. దానికి ఉత్తరం వైపు రెండు మూలల్లో పాత హద్దు రాళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కాలువ వైపు రెండు రాళ్లూ కనబడలేదు. రాయి పోయినప్పుడు మేము ఎఫ్‌ఎంబి చూస్తాం. ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్ అనే ఆ పుస్తకంలో ప్రతి పొలానికీ భుజాల కొలతలతో ఒక పటం ఉంటుంది. ఈ పొలం పటాన్ని చెదలు తినేశాయి. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే: ఉన్న రాళ్లనుంచి మొదలుపెట్టి, రికార్డులో రాసిన విస్తీర్ణం సరిగ్గా నిండే చోట నాలుగో గీత గీయడం.

నేను అదే చేశాను. సత్యవతి గారి గోరింట కంచె దాకా రోవర్‌తో కొలిచాను. రోవర్ అంటే ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, తాను నిలబడిన చోటును రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో చెప్పే పరికరం. పొడవాటి కర్ర మీద తెల్లని పుట్టగొడుగులా ఉంటుంది. కంచె దాకా విస్తీర్ణం 9,729 చదరపు మీటర్లు వచ్చింది. రికార్డు కంటే 129 ఎక్కువ. దీన్ని మా పరిభాషలో ఎక్సెస్ అంటాం. కాలువ పక్కన ఎక్సెస్ వచ్చిందంటే అది కాలువ పోరంబోకును, అంటే ప్రభుత్వ భూమిని, కలుపుకోవడమేనని ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. 129ని 75తో భాగిస్తే సుమారు ఒకటీ ముప్పావు మీటరు. కంచెకు అంత లోపలగా గీత గీసి, పటం మీద సంతకం పెట్టి, కాలువల ఇంజనీరుకు పంపాను. కాలువ పూడిక తీసి గట్టును వెడల్పు చేసే పని అప్పటికే మంజూరై ఉంది. సోమవారం మిషన్ దిగుతుంది. గుర్తుగా కంచెకు ఎర్ర రిబ్బన్లు కట్టించారు.

గురువారం ఉదయం ఆవిడ గ్రామ సచివాలయానికి వచ్చారు. చేతికి మట్టి ఇంకా ఆరలేదు.

“సర్వేయరు గారంటే మీరేనాండి?”

“నేనేనండి. కూర్చోండి.”

“కూర్చోడానికి రాలేదండి. సోమవారం మిషనొస్తుందంట, మా కంచెకి ఎర్ర రిబ్బన్లు కట్టేశారు. ఎవర్ని అడిగి కట్టారో కనుక్కుందామని వచ్చాను.”

రోవర్ కర్ర పట్టే వీర్రాజు మూలన కూర్చొని టీ తాగుతున్నాడు. గొలుసు రోజుల నుంచి ఈ పనిలో ఉన్నవాడు, మరో ఏడాదిలో రిటైరవుతాడు. అధికారులకంటే ముందుగా సమాధానం చెప్పడం అతని అలవాటు.

“అడిగి కట్టడానికి అవి పెళ్లి తోరణాలు కాదు కదండమ్మా!”

“నీతో కాదు వీర్రాజూ. నువ్వు కర్ర మోసేవాడివి. కర్ర ఎక్కడ పెట్టాలో చెప్పేవారితో మాట్లాడుతున్నా.”

వీర్రాజు నవ్వి టీలో తల దూర్చాడు. నేను పటం తెరిచి చూపించాను. రికార్డులో ఎంత ఉందో, కంచె దాకా కొలిస్తే ఎంత వచ్చిందో చెప్పాను.

“మీటర్లు నాకెందుకు బాబూ, సెంట్లలో చెప్పండి.”

“మూడు సెంట్ల పైచిలుకు ఎక్కువ ఉందండి. అది కాలువది.”

“ఆ పైచిలుకులో ఏమున్నాయో చూశారా?”

“చెట్లున్నాయండి.”

“చెట్లా!” అని ఆవిడ నా ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కొని కూర్చున్నారు. “అవి నా తల్లి చెట్లండి. అయిదు సపోటాలు, నాలుగు మామిళ్లు. నేను కట్టే అంట్లన్నిటికీ పుల్ల వాటినుంచే. అంటు చచ్చిపోతే ఇంకోటి కట్టుకుంటాను. తల్లే పోతే దేన్ని చూసి కట్టనండీ? కాయ ఎలా ఉంటుందో కొన్నవాడికి ఏం చెప్పను?”

నర్సరీ పని తెలియనివారి కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామిడిగానీ సపోటాగానీ గింజనుంచి మొలిపిస్తే తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే మంచిదని తేలిన చెట్టు కొమ్మనుంచి పుల్ల తెచ్చి వేరే మొలకకు అంటు కడతారు. ఆ మంచి చెట్టే తల్లి చెట్టు. సత్యవతి గారు పదేళ్లపాటు కాయలు రుచి చూసి, కాపు లెక్కపెట్టి, నచ్చనివాటిని కొట్టేయించి, చివరకు ఆ తొమ్మిదింటినే ఉంచుకున్నారని తరువాత తెలిసింది. ప్రతి చెట్టు మొదలుమీదా తెల్ల రంగుతో అంకె వేసి ఉంటుంది. ఒక పాత నోటుపుస్తకంలో ఏ అంకె చెట్టు ఏ నెలలో ఎన్ని కాయలు కాసిందో రాసి ఉంటుంది. ఆ పుస్తకం తిరగేసినప్పుడు, నా డిగ్రీ రోజుల ప్రయోగాల రికార్డు దానిముందు వెలవెలబోతుందనిపించింది. అయితే గురువారం ఉదయం ఇవేవీ నాకు తెలియవు. తెలిసినా లెక్కలోకి తీసుకునేవాణ్ని కాను. చెట్టు ఎంత మంచిదైనా అది ఎవరి భూమిలో ఉందన్నదే నా ప్రశ్న.

“కంచె ఎప్పుడైనా జరిపారాండి?” అని అడిగాను.

“లేదండి.”

“అందరూ లేదనే అంటారండి.”

ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

“నమ్మొద్దండి,” అన్నారు. “నా దగ్గర పనిచేసేవాళ్లు చెప్పిందల్లా నేనూ నమ్మను. ఒక్క సంగతి చెప్పండి చాలు. నావి మిగతా రెండు చెక్కలున్నాయి కదా, అవీ కొలిచారా?”

“కొలిచామండి.”

“అవెంతొచ్చాయి?”

అడిగినదానిలో తప్పేమీ లేదు కనుక చదివి వినిపించాను. ఒకటి రికార్డులో ఇరవై నాలుగు ఆర్లు, కొలిస్తే 2,429 చదరపు మీటర్లు. రెండోది రికార్డులో అరవై ఆర్లు, కొలిస్తే 6,068.

“అయితే అవీ పెరిగాయన్నమాట.”

“కొద్దిగానండి. ఇరవై తొమ్మిది, అరవై ఎనిమిది. వాటికి నాలుగు మూలలా రాళ్లున్నాయి. రాళ్లున్నచోట అంత చిన్న తేడాలు పట్టించుకోం.”

ఆవిడ కళ్లు మూసుకొని వేళ్ల కణుపుల మీద బొటనవేలు నడిపించారు. మొక్కల వ్యాపారమంతా నూర్లలోనే సాగుతుంది. నూరు మొక్కలకు ఇంత అని. ఆ లెక్క ఆవిడ వేళ్లలోనే ఉంది.

“ఇరవై నాలుగు నూర్లకి ఇరవై తొమ్మిది. అంటే నూటికి ఒకటీ చిల్లర. అరవై నూర్లకి అరవై ఎనిమిది, నూటికి ఒకటీ చిల్లర. తొంభై ఆరు నూర్లకి నూట ఇరవై తొమ్మిది, నూటికి ఒకటీ చిల్లర.” కళ్లు తెరిచారు. “బాబూ, ఆ చిన్న చెక్క కాలువనీ తాకదు, రోడ్డునీ తాకదు. చుట్టూ పక్కవాళ్ల మడులే. రాళ్లు నాలుగూ పాతినచోటే ఉన్నాయి. మరక్కడ నేనెవరి భూమి తిన్నానండీ? ఆకాశంలోంచి దింపుకున్నానా?”

వీర్రాజు గ్లాసు కింద పెట్టాడు.

నేను ఏదో చెప్పబోయాను. ఆవిడ ఆగలేదు.

“మా దగ్గర లారీ లోడు ఎత్తేటప్పుడు లెక్క తగ్గుతుందండి. ఒక లోడులో తగ్గి మిగతా లోడుల్లో సరిపోయిందనుకోండి, ఎవరో మొక్కలు దింపేసుకున్నట్టే. అలాక్కాకుండా ప్రతి లోడులోనూ నూటికి ఒకటే తగ్గిందనుకోండి, దొంగని వెతకనండి. లెక్కపెట్టేవాడిని పిలుస్తాను. వాడి చెయ్యి ఎక్కడో తొంభై తొమ్మిదిని నూరంటోంది. నా మూడు చెక్కలూ ఒకేలా పెరిగాయి. ఇది కంచె పని కాదండి. ఎవరో లెక్కపెట్టినవాడి చెయ్యండి.”

ఆ మాట విన్న క్షణంలో నాలో కలిగినది జాలి కాదు, కోపమూ కాదు. చక్కని నిరూపణ చదివినప్పుడు కలిగే ఆనందం. ప్రయోగశాలలో దీనికి ఒక పద్ధతి ఉంది. ఒక కారణం వల్ల ఒక ఫలితం వచ్చిందని అనుమానం ఉంటే, ఆ కారణం లేని చోట కూడా కొలిచి చూడాలి. అక్కడా అదే ఫలితం వస్తే, అనుమానించిన కారణం అసలు కారణం కాదు. దీన్ని కంట్రోల్ అంటారు. కాలువను తాకని ఆ చిన్న చెక్క నాకు కంట్రోల్. దాని కొలత పది రోజులుగా నా బల్ల మీదే ఉంది. నేను చూడలేదు. సెంట్లు తప్ప మరో కొలత అక్కర్లేదన్న మనిషి, నా చదరపు మీటర్లలోనే నా తప్పు పట్టి చూపించారు.

అయినా నేను వెంటనే ఒప్పుకోలేదు. నూటికి ఒకటీ చిల్లర మూడు చోట్ల రావడం యాదృచ్ఛికం కావచ్చు. లేదా రోవరే తప్పు చెబుతుండవచ్చు.

“రెండు రోజులు టైమివ్వండి,” అన్నాను.

“సోమవారం దాకా మూడున్నాయండి,” అని లేచారు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, “వీర్రాజూ, కర్ర జాగర్త,” అన్నారు.

“ఆయ్,” అన్నాడు వీర్రాజు. ఈసారి నవ్వలేదు.

ముందు రోవర్‌ను పరీక్షించాను. విస్తీర్ణం నూటికి ఒకటీ చిల్లర పెరగాలంటే పొడవు నూటికి అరకు కొంచెం పైగా పెరగాలి. అంటే యాభై మీటర్లలో దాదాపు ఇరవై తొమ్మిది సెంటీమీటర్ల తేడా రావాలి. బడి ఆవరణలో స్టీలు టేపుతో యాభై మీటర్లు కొలిచి, రెండు చివరలా రోవర్ నిలబెట్టాం. తేడా ఒక్క సెంటీమీటరు. రోవర్ నిర్దోషి. తరువాత చిన్న చెక్క చుట్టూ ఉన్న నాలుగు పొలాలు తీసుకున్నాను. సత్యవతి గారు నిజంగా పక్కవాళ్లవైపు జరిగి ఉంటే, వాళ్ల పొలాలు తగ్గాలి. నాలుగూ పెరిగే ఉన్నాయి, నూటికి ఒకటీ చిల్లర చొప్పునే. పొరుగు పొలాలన్నీ ఒకేసారి పెరగడం భూమి మీద జరిగే పని కాదు. కాగితం మీదే జరగాలి.

శుక్రవారం మధ్యాహ్నం పాత రిజిస్టరు తెప్పించాను. ఎప్పుడో ఎకరాలనుంచి మెట్రిక్ కొలతలోకి మార్చి రాసిన రిజిస్టరది. రాసినవారెవరో తెలియదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఒక్క కొట్టివేత లేదు. హెక్టార్లకు ఒక గడి, ఆర్లకు ఒక గడి, చదరపు మీటర్లకు ఒక గడి. కూడికలన్నీ సరిచూశాను, ఒక్క తప్పు లేదు. ఆ శ్రద్ధకు నమస్కరించాలనిపించింది. మూడో గడిని మాత్రం పై నుంచి కిందికి చదివేసరికి చెయ్యి ఆగిపోయింది. నలభై. సున్నా. ఎనభై. ఇరవై. అరవై. మళ్లీ నలభై. మళ్లీ సున్నా. పేజీ తిప్పినా అవే. ముప్ఫై ఏడు గానీ యాభై మూడు గానీ ఎక్కడా లేదు. ఊరి పొలాలన్నీ నలభై చదరపు మీటర్ల ముక్కలుగా కోసి పేర్చినట్టున్నాయి. గోదావరి మేట వేసిన నేల అంత క్రమశిక్షణతో ఏర్పడదు.

కారణం ఊహించడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఒక సెంటుకు నలభై చదరపు మీటర్లు అనుకుంటే ఆ అంకెలే వస్తాయి. అంటే హెక్టారుకు సరిగ్గా రెండున్నర ఎకరాలు. అసలు లెక్క 2.471. సెంటుకు నలభై కాదు, నలభైకి అర చదరపు మీటరు పైన. సత్యవతి గారి దస్తావేజులో పెద్ద చెక్క రెండెకరాల నలభై సెంట్లు. రెండున్నరతో మారిస్తే తొంభై ఆరు ఆర్లు. సరైన గుణకంతో మారిస్తే తొంభై ఏడు ఆర్ల పన్నెండు చదరపు మీటర్లు. మెట్రిక్‌లోపలి మెట్లన్నీ నిర్దుష్టంగా ఉన్నాయి. తప్పు ఆ మెట్లదాకా వచ్చే గుమ్మంలో జరిగింది. నా గర్వమంతా లోపలి మెట్ల గురించే.

రాసిన మనిషిని నేను నిందించలేను. “హెక్టారంటే రెండున్నర ఎకరాలండి” అని రీసర్వే గ్రామసభలో మైకు పట్టుకొని చెప్పింది నేనే. మాటగా చెప్పడానికి అది చాలు. హద్దు గీయడానికి చాలదు. 75 మీటర్ల గట్టు మీద ఆ చిన్న తేడా ఒకటిన్నర మీటర్లయింది. తొమ్మిది చెట్లు సరిగ్గా ఆ ఒకటిన్నర మీటర్లలోనే నిలబడి ఉన్నాయి.

ఇంజనీరుకు ఫోను చేశాను. ఆయన విన్నారు గానీ, “సంతకం పెట్టిన పటం ఉంది నా దగ్గర. లెక్క మారిందంటే కాగితం మీద కాదండి, నేలమీద చూపించండి” అన్నారు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ని. 9,712ను 75తో భాగిస్తే 129.5. నా లెక్క నిజమైతే, కనబడకుండా పోయిన రాయి ఉత్తరపు రాయినుంచి 129.5 మీటర్ల దగ్గర, మట్టికింద ఉండాలి. పాత గుణకం నిజమైతే 128 దగ్గర ఉండాలి. తవ్వకముందే ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసి, మడిచి వీర్రాజుకిచ్చాను. తవ్విన తరువాత రాసిన జోస్యానికి విలువ ఉండదు.

శనివారం ఉదయం ఎనిమిదింటికి వెళ్లేసరికి సత్యవతి గారు గునపంతో సిద్ధంగా ఉన్నారు.

“రెండు చోట్లా తవ్వుతామండి,” అన్నాను. “మీకు అనుకూలమైన చోటే కాదు, ప్రతికూలమైన చోట కూడా.”

“తవ్వండి. లేనిది ఉందనమంటానా ఏంటండీ?”

పడమటి మూలలో రెండు చోట్లా తవ్వాం. వేళ్లు, నల్లని ఒండ్రు, పగిలిన ప్లాస్టిక్ కవర్లు. రాయి లేదు. తూర్పు మూలకు వెళ్లాం. ముందు 128 దగ్గర తవ్వాం. నడుం లోతు దిగినా ఏమీ లేదు. తరువాత 129.5 దగ్గర. అక్కడ కాలువలోంచి ఏటేటా ఎత్తిపోసిన పూడిక గట్టిపడిపోయి ఉంది. వీర్రాజు ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఆవిడ గునపం అందుకున్నారు.

“మీరెందుకండమ్మా, నేను తవ్వుతాను కదా!”

“నువ్వు ఆగు. అంటు మొక్క తీసేది నేనే, నేలతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు.”

మోకాలు లోతు దాటాక గునపం చప్పుడు మారింది. ముగ్గురం విన్నాం. ఆవిడ గునపం పక్కన పెట్టి, చేత్తో మట్టి తీశారు. వేరు తెగకుండా మొక్కను పెళ్లగించేటప్పుడు తీసినట్టే తీశారు. ముందు రాయి తల, తరువాత దానిమీద చెక్కిన సర్వే గుర్తు బయటపడ్డాయి. రోవర్ పెట్టి చూశాను. 129.46. నేను రాసినదానికి నాలుగు సెంటీమీటర్ల తేడా. వీర్రాజు జేబులోంచి కాగితం తీసి, అంకెలు చూసి, నావైపు కాకుండా ఆవిడవైపు చూశాడు.

“తల్లీ, లెక్కపెట్టినోడి చెయ్యే!” అన్నాడు.

ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. మొదటి అంకె వేసిన సపోటా చెట్టు మొదలు మీద చెయ్యి వేశారు.

నేను అంతటితో ఊరుకొని ఉండవచ్చు. కాని ఇంకా పదిహేడు చదరపు మీటర్లు మిగిలే ఉన్నాయి. కంచె దాకా 9,729. సరైన విస్తీర్ణం 9,712. చెప్పకుండా ఉండలేకపోయాను.

“సత్యవతి గారూ, రాయికీ మీ కంచెకీ మధ్య ఇంకా తేడా ఉందండి. మీ కంచె జానెడు బయటికి ఉంది.”

ఆవిడ వంగి రాయినీ, కంచె మొదళ్లనూ చూశారు. జానతో కొలిచారు.

“అది నాదే తప్పండి,” అన్నారు. “గోరింట ఏటేటా కాలువ వైపుకి పెరుగుతుంది, అటే నీరుంది కదా. లోపలి పక్కన కత్తిరించుకుంటూ వచ్చాను, బయటి పక్కన వదిలేశాను. కంచె నేను జరపలేదు గానీ, జరుగుతుంటే చూస్తూ ఊరుకున్నానన్నమాట.”

అప్పటికప్పుడే కత్తి తెప్పించి, తూర్పు మూలనుంచి నరకడం మొదలుపెట్టారు. నేను అడగలేదు. ఇంజనీరు అడగలేదు. జానెడు కోసం మిషను వచ్చేదీ కాదు. సోమవారం మిషను వచ్చేసరికి 75 మీటర్ల కంచె మొత్తం రాయికి సమంగా వెనక్కి వచ్చి ఉంది. చెట్లు దానికి లోపల ఉన్నాయి. ఇంజనీరు రాయి మీద చెయ్యి పెట్టి చూసి, కొత్త పటం తీసుకొని, మిషన్‌ను కాలువ వైపు తిప్పించారు. అదే చేతివ్రాతతో ఉన్న పేజీలన్నీ మళ్లీ లెక్కకట్టాలని మా కార్యాలయానికి రాశాను. ఆ పని ఒక పట్టాన తెమలలేదు, కాని తెమిలింది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో చురుకైన వాదనలు విన్నాను. వాటిలో ఎక్కువ భాగం వాదించేవారికి లాభం చేకూర్చే చోట ఆగిపోయేవి. సత్యవతి గారి వాదన ఆగలేదు. తన చెట్లను కాపాడిన తర్కాన్నే తన కంచె మీద కూడా పెట్టి, తప్పు తేలినచోట కత్తి పట్టుకున్నారు. నేను డిగ్రీలో నేర్చుకొన్నది ఆవిడ లారీల దగ్గర నేర్చుకున్నారు. తేడా ఏమిటంటే, నేను నేర్చుకున్నదాన్ని ఎదుటివాళ్ల మాటల మీద ప్రయోగించాను. ఆవిడ తన మీద కూడా ప్రయోగించుకున్నారు. రైతు చెప్పినదాన్ని కొలవకుండా నమ్మని నేను, నా బల్లమీది రిజిస్టరును కొలవకుండా నమ్మాను. రోవర్ సెంటీమీటర్ల తేడాలో చెబుతుందని మురిసిపోయాను గానీ, దాన్ని దేనితో పోలుస్తున్నానో చూసుకోలేదు.

ఇప్పుడు నా ఫీల్డ్ పుస్తకం అట్ట లోపల రెండు వాక్యాలున్నాయి. ఒకటి, ఎకరానికి 4,046.86 చదరపు మీటర్లు. దాన్ని గుండ్రం చేయకూడదు. రెండోది, ఊళ్లో అడుగుపెట్టిన మొదటి రోజే చేయవలసిన పని. అందుకే కొత్త ఊరికి వెళ్లినప్పుడు కాలువ గట్టు దగ్గరికి నేను నేరుగా వెళ్లను. నాలుగు రాళ్లూ ఉండి, కాలువనూ దారినీ తాకని పొలం ఒకటి వెతికి, ముందు దాన్ని కొలుస్తాను. వీర్రాజు రిటైరయ్యే దాకా అలాంటి పొలాన్ని పేరు పెట్టి పిలిచేవాడు. కర్ర భుజాన వేసుకొని, ఊరి పొలిమేరలోనే అడిగేవాడు:

“ఇక్కడ సత్యవతి గారి చెక్క ఏదండీ?”